ఊట నీళ్ళు గుట్టెక్కిన సంగతి

మా మందిరము ఒక గుట్ట మీద ఉన్నది. ప్రక్కనే పాస్టరు ఇల్లు, వెనుక 26 గడపలు. గుట్ట దిగితే లోయలో ఒక ఊట. మా వైపు దాన్ని ఊటగెడ్డ అంటారు. పాడేరు ఏజెన్సీలో ఇటువంటి ఊళ్ళు మీకు చాలా కనబడతాయి. ఇళ్ళు పైన, నీళ్ళు క్రింద. వానాకాలము గెడ్డ పొంగుతుందని, చెమ్మ తగులుతుందని పెద్దలు మెరక చూసి ఇళ్ళు కట్టుకొన్నారు. మంచి ఆలోచనే. అయితే ఆ ఆలోచన చేసినది మగవాళ్ళు, నీళ్ళు మోసినది ఆడవాళ్ళు.

2012లో నన్ను ఈ సంఘమునకు పంపించారు. వచ్చిన మొదటి వారములోనే నా భార్య రెండు బిందెలు మోసుకొచ్చి అరుగు మీద కూలబడి, "ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటామండీ?" అన్నది. "ప్రభువు చిత్తము ఎలా ఉంటే అలా" అన్నాను. "ఆయన చిత్తము సరే, మూడో బిందె ఎవరు తెస్తారు?" అన్నది. ఆ రోజు మూడో బిందె నేనే తెచ్చాను. మర్నాడు ఏదో కూడిక ఉందని తప్పించుకొన్నాను. ఆ తరువాత అలవాటు పడిపోయాము. అంటే ఆవిడ మోయడానికి, నేను చూడడానికి.

2016 మార్చిలో మా స్త్రీల సమాజములో అందరికంటె పెద్దావిడ నీళ్ళ బిందెతో ఆ బాటలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. డోలీ కట్టి రోడ్డు వరకు మోసి, అక్కడి నుండి జీపులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ప్రాణము దక్కింది గాని, మళ్ళీ ఒకరి ఆసరా లేకుండా ఆమె నడవలేదు. నేను పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమె తన కాలి గురించి ఏమీ అడగలేదు. "అయ్యగారూ, ఆ బిందె దొరికిందా?" అని అడిగింది. కోడలు పుట్టింటి నుండి తెచ్చుకొన్న ఇత్తడి బిందె అట.

తరువాతి ఆదివారము స్త్రీల సమాజము వారు బియ్యము పెట్టె డబ్బు తెచ్చి నా ముందర పెట్టారు. మన సంఘములలో పిడికెడు బియ్యము సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి ప్రక్కన పెట్టి, ఆదివారము మందిరమునకు తెస్తారు. అలా నాలుగేండ్లు కూడబెట్టినది 38,000 రూపాయలు. మందిరానికి ప్రహరీ కట్టాలని మొదట అనుకొన్నారు. "గోడ ఎక్కడికీ పోదు, ముందు నీళ్ళు పైకి రావాలి" అన్నారు.

ఇక్కడి నుండి నా తప్పు మొదలయినది.

నేను పట్నము వెళ్ళి ఒక కొట్టులో అడిగాను. నీళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కాలి అని కొట్టతను అడిగాడు. ఇరవై మీటర్లు ఉండవచ్చునని కంటి అంచనా చెప్పాను. ఒక హార్సుపవరు మోటారు చూపించాడు. దాని రేకు మీద 30 మీటర్లు అని వ్రాసి ఉన్నది. ఇంకేమి కావాలి? మోటారు, ఫుట్ వాల్వు, నల్ల పైపు అన్నీ కలిపి 21,500 అయినది. తెచ్చి మోటారును మా వరండాలో బిగించాను. ప్లగ్గు అక్కడ ఉన్నది, తాళము అక్కడ ఉన్నది, దొంగల భయము లేదు. పైపు మాత్రము గుట్ట దిగి ఊటలోకి వెళ్ళింది.

ఊరంతా వచ్చారు. ప్రార్థన చేసి స్విచ్చి వేశాను. మోటారు తిరిగింది. నీళ్ళు రాలేదు. పైపు నిండా నీళ్ళు పోసి మళ్ళీ వేయాలని ఎవరో అన్నారు. పోశాము. రాలేదు. మళ్ళీ పోశాము. అలా నాలుగుసార్లు పోసిన నీళ్ళు ఎక్కడివంటే, ఆ ఉదయమే ఆ తల్లులు మోసుకొచ్చిన బిందెలలోవి. చివరకు మోటారు వేడెక్కి కమురు వాసన వచ్చింది. ఆపేశాను. జనము ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండునని ఆ రాత్రి అనుకొన్నాను.

దిగువ ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. బోరింగు మెకానిక్కుగా ఉద్యోగము చేసి రిటైరు అయినవారు. మన సంఘము మనిషి కారు. సంగతి తెలిసి తానే వచ్చారు. వరండాలో మోటారును, క్రిందికి పోయిన పైపును చూసి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పాస్టరు గారూ, మోటారు నీళ్ళను లాగదండి. గాలి నెడితే వస్తాయి" అన్నారు.

నాకు అర్థము కాలేదు. ఆయన చెప్పినది నాకు వచ్చిన మాటల్లో చెబుతాను. కొబ్బరిబోండములో గొట్టము పెట్టి పీల్చినప్పుడు మన నోరు చేసేది గొట్టములోని గాలిని తీసివేయడమే. బయటి గాలి తన బరువుతో బోండములోని నీటిని నొక్కి పైకి తోస్తుంది. మోటారు చేసే పని కూడా అంతే. గాలి బరువుకు ఒక హద్దు ఉన్నది. సముద్ర మట్టము దగ్గర అది నీటిని 10 మీటర్లకు కొంచెము పైకి మాత్రమే నెట్టగలదు. మా కొండ 900 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ గాలి పలుచన, ఆ హద్దు ఇంకొక మీటరు తక్కువ. పైపులో రాపిడి, కీళ్ళలో గాలి చొరబాటు పోగా పనికి వచ్చేది ఆరేడు మీటర్లే. ఎంత పెద్ద మోటారు పెట్టినా ఇంతే. ఇటలీ దేశములో బావుల పంపులు చేసేవారికి ఈ చిక్కు ఎదురయితే గెలీలియోకే అంతు పట్టలేదట. ఆయన పోయిన మరుసటి సంవత్సరము, 1643లో, శిష్యుడు టారిచెల్లీ పాదరసపు గొట్టముతో గాలికి బరువు ఉన్నదని తేల్చాడు. నేను 2016లో తెలుసుకొన్నాను.

అయితే క్రింది నుండి పైకి నెట్టడానికి ఆ హద్దు లేదు. రేకు మీద 30 మీటర్లని వ్రాసినది అబద్ధము కాదు. మోటారు నీటి దగ్గర ఉండాలి, అంతే. నేను దానిని నా తాళము దగ్గర, నా ప్లగ్గు దగ్గర పెట్టాను.

ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ మాటే సంఘము ఎదుట చెప్పాను. కొట్టువాని తప్పు లేదు, మోటారు తప్పు లేదు, నా సౌకర్యము చూసుకొని పెట్టాను, కొలవకుండా కొన్నాను, అన్నాను. కాసేపు ఎవరూ కదలలేదు. తరువాత సమాజము అధ్యక్షురాలు లేచి, "మిగిలిన పదహారు వేల ఐదు వందలు మా దగ్గర ఉంచుతాము అయ్యగారూ. ఈసారి ఏది కొన్నా మాకు చూపించి కొనాలి" అన్నది. న్యాయమే.

మోటారును క్రిందికి దించవచ్చును గదా అని మీరు అడగవచ్చు. మేమూ ఆలోచించాము. 140 మీటర్ల వైరు లోయలోకి లాగాలి. మాకు వచ్చే కరెంటు సాయంత్రము పూట బల్బునే సరిగా వెలిగించదు. వానాకాలములో గెడ్డ పొంగితే మోటారు మునుగుతుంది. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరము దాటినప్పుడు మా స్తంభాలు నేల మీద పడి రోజుల తరబడి చీకట్లో ఉన్నాము. ఆ రోజులు ఎవరూ మరచిపోలేదు.

అప్పుడు మెకానిక్కు గారు, "కరెంటు, డీజిలు లేని యంత్రము ఒకటి ఉన్నదండి. నీళ్ళనే మేతగా వేస్తే నీళ్ళు ఎక్కిస్తుంది" అన్నారు. హైడ్రామ్ అంటారు. పూర్తి పేరు హైడ్రాలిక్ రామ్. ఆ పేరులోని రామ్ అంటే ఇంగ్లీషులో పొట్టేలు. పొట్టేలు వెనక్కి పోయి వచ్చి ఢీకొట్టినట్లు కొడుతుంది గనుక ఆ పేరు. ఇది క్రొత్త వస్తువు కాదు. ఇంగ్లండులో వైట్‌హర్స్ట్ అనే గడియారాల పనివాడు 1772లో చేతితో కుళాయి తిప్పుతూ నడిపేది చేశాడు. 1796లో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మాంట్‌గోల్ఫియర్ తనంతట తానే కొట్టుకొనేది చేశాడు. వేడిగాలి బెలూను ఎగరేసిన అన్నదమ్ములలో ఒకడు.

పని చేసే తీరు ఇది. ఊట నుండి లావు ఇనుప పైపు పల్లానికి వేస్తారు. దాని చివర ఒక వాల్వు తెరచి ఉంటుంది. నీళ్ళు పల్లానికి పరుగెత్తి అందులోగుండా బయటకు పోతుంటాయి. వేగము పెరిగేకొద్దీ ఆ నీటి తోపుకే వాల్వు లేచి ఠక్కున మూసుకుంటుంది. జోరుగా పోతున్న బండిని ఒక్కసారి ఆపితే మీద బస్తాలు ముందుకు దూకవా? అలా ఆగిన నీరు దారి లేక రెండవ వాల్వును తోసుకొని ఒక గాలి డబ్బాలోకి దూకుతుంది. డబ్బాలోని గాలి నలిగి, స్ప్రింగు వలె ఆ నీటిని సన్న పైపులోకి, గుట్ట పైకి నెడుతుంది. ఇటు ఒత్తిడి తగ్గగానే మొదటి వాల్వు తన బరువుకు తాను పడి తెరుచుకుంటుంది. మళ్ళీ పరుగు, మళ్ళీ ఠక్కు. నిమిషానికి యాభై అరవై సార్లు, రాత్రి పగలు.

ఈసారి కొలిచాము. ఇరవై లీటర్ల బకెట్టు ఊట క్రింద పెట్టి గడియారము చూశాము. మే నెల ఎండల్లో 40 సెకన్లకు నిండింది. అంటే నిమిషానికి 30 లీటర్లు. మేస్త్రీల లెవెల్ ట్యూబు పట్టుకొని, ఒక కర్ర మీద గుర్తు పెట్టుకొంటూ మెట్టు మెట్టుగా గుట్ట ఎక్కాము. ఊటకు, మందిరము వెనుక తొట్టి పెట్టే చోటుకు 20 మీటర్లు ఎత్తు. ఆ ఒక్కటి నా కంటి అంచనాకు సరిపోయింది. ఊటకు దిగువన గెడ్డ ప్రక్క 4 మీటర్ల పల్లములో బండ ఉన్నది. రామ్ అక్కడ పెడితే అది నీళ్ళను 24 మీటర్లు ఎక్కించాలి. 4 మీటర్లు దిగే నీరు 24 మీటర్లు ఎక్కించాలంటే ఆరవ వంతే ఎక్కుతుంది, అంటే నిమిషానికి 5 లీటర్లు. వాల్వులలో, రాపిడిలో పోగా పదింట ఆరు వంతులు మిగులుతాయి. 3 లీటర్లు. ఇంతేనా అని మా యువకులు పెదవి విరిచారు. రోజుకు ఎన్ని నిమిషాలో గుణించి చూడమన్నాను. 4,320 లీటర్లు.

ఇక్కడ నాకు ఒక సంగతి సిగ్గుగా జ్ఞాపకము వచ్చింది. హిజ్కియా రాజు గీహోను ఊటను పట్టణములోకి మళ్ళించిన సొరంగము గురించి నేను రెండు మూడుసార్లు ప్రసంగించి ఉంటాను. 533 మీటర్ల పొడవు, రెండు కొసల నుండి రెండు గుంపులు తొలుచుకొంటూ వచ్చి మధ్యలో కలిశారు, 1880లో అక్కడి గోడ మీద వ్రాత బయటపడింది. డిప్లొమా పరీక్షలో ఇవన్నీ వ్రాశాను. అంత పొడవుకు వాళ్ళు పెట్టిన వాలు ఇంచుమించు ఒక అడుగు మాత్రమే అన్నది చదివి కూడా ముందుకు పోయాను. వాళ్ళు ఎంత జాగ్రత్తగా కొలిచి ఉంటారో అని నాకు ఎప్పుడూ తోచలేదు.

పైపులకు దిగక ముందే దిగువ ఊరి నుండి మాట వచ్చింది. గెడ్డ నీటితో వారికి నాలుగు మళ్ళు పండుతాయి. "పైన మీరు త్రాగేస్తే మా మడికేమి మిగులుతుంది?" అని వారి పెద్ద అడిగాడు. ఇస్సాకు కాపరుల నాటి నుండి బావుల దగ్గర జరుగుతున్న తగవే ఇది. మెకానిక్కు గారు వారి ఊరివారే గనుక ఆయనే చెప్పారు. రామ్ పదింట ఒక వంతే పైకి పంపుతుంది, తొమ్మిది వంతులు గెడ్డలోనే పడతాయి. మే నెలలో మీ ఎదుటనే కొలుద్దాము, మీకు నష్టము కనిపిస్తే పీకేస్తాము అని మాట ఇచ్చాము. 2017 మేలో ఇరు ఊళ్ళవారము గెడ్డ దగ్గర నిలబడి అదే బకెట్టుతో కొలిచాము. పైన 40 సెకన్లు, రామ్ దిగువన 44. వారి పెద్ద నాలుగు సెకన్లు వ్రేళ్ళ మీద లెక్కపెట్టి, "పోనీలెండి" అన్నాడు.

ఊట కట్టడములో ఒక జాగ్రత్త చెప్పాలి. ఊటకు తొట్టి కడుతూ నీటి మట్టము పెంచుదామని చాలామందికి ఆశ పుడుతుంది. నీరు సహజముగా వచ్చే మట్టము కంటె పైకి నిలవగడితే ఊట అలిగి ఇంకొక చోట దారి వెదుక్కోవచ్చును. మేము కన్ను దగ్గర గులకరాళ్ళు పేర్చి, దిగువన గోడ కట్టి, సహజ మట్టములోనే పైపు వదిలాము. పైన మూత వేశాము. వాన నీరు బురదతో వచ్చి కలవకుండా ఎగువన చిన్న కాలువ తీశాము, పశువులు రాకుండా కంచె వేశాము. ఇంతకు మునుపు అదే నీటిలో పశువులు దిగేవి, మేమూ స్నానాలు చేసేవాళ్ళము. తొలకరి వానలకు ఏటేటా పిల్లలకు విరేచనాలు పట్టుకొనేవి. ఇప్పుడు ఆ గొడవ చాలా తగ్గింది. అయినా వానాకాలము కాచి త్రాగమనే చెబుతున్నాము.

ఊట నుండి రామ్‌కు రెండు అంగుళాల జి.ఐ. పైపు, 20 మీటర్లు. ఖర్చు కలిసి వస్తుందని ప్లాస్టిక్ వేద్దామా అన్నాను. ఆ పైపు దెబ్బకు సాగి దెబ్బను తానే మ్రింగేస్తుంది అని మెకానిక్కు గారు చెప్పారు. నేను ఇంకేమీ అనలేదు. గాలి డబ్బా నాలుగు అంగుళాల ఇనుప పైపు ముక్కతో వెల్డింగు షాపులో చేయించాము. వాల్వు రబ్బరు పాత లారీ టైరు నుండి కోసినది. మోటారుకు తీసిన పైపే పైకి పోయే పైపుగా పనికి వచ్చింది. మోటారును ఒక రైతు ఏడు వేలకు కొనుక్కొన్నాడు. ప్రతి రశీదు అధ్యక్షురాలికి చూపించాను.

2017 జనవరిలో ఒక శనివారము మెకానిక్కు గారు చేతితో వాల్వును ఇరవై సార్లు నొక్కి వదిలారు. తరువాత అదే అందుకొని కొట్టుకోసాగింది. మేమంతా పైకి పరుగెత్తాము. మునుపటి సంగతి అందరికీ జ్ఞాపకమే గనుక ఈసారి జనము తక్కువ. పైపు ఖాళీ, అది నిండాలి గదా. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. నా నోరు ఎండిపోయింది. ఇరవై నిమిషాలకు పైపు కొసన గాలి బుసకొట్టి, వ్రేలు లావు ధార పడింది. తుంటి విరిగిన పెద్దమ్మను మనుమలు మంచముతోనే మోసుకొచ్చారు. ఆమె చెయ్యి చాచి పట్టి, నోట్లో పోసుకొని, "ఊట దగ్గర ఉన్నంత చల్లగా లేవు" అన్నది.

మూడు వారాలకు చప్పుడు మారి మొరటుగా కొట్టుకొంటూ ఒక కీలు చీలింది. డబ్బాలోని గాలి కొంచెము కొంచెముగా నీటిలో కరిగిపోయి స్ప్రింగు లేకుండా పోయిందట. రెండవ వాల్వు క్రింద సన్న మేకు దూరేటంత బెజ్జము వేస్తే, ప్రతి కొట్టుకూ ఒక గ్రుక్కెడు గాలి అదే పీల్చుకొంటుంది. ఆ బెజ్జము వేసిన తరువాత ఇబ్బంది రాలేదు. ఆరు నెలలకొకసారి రబ్బరు మారుస్తాము. ఇంటికి నెలకు ఇరవై రూపాయలు. తొట్టి తాళము స్త్రీల సమాజము దగ్గర ఉంటుంది, నా దగ్గర కాదు.

అన్నీ తీరాయని చెప్పను. వేసవిలో మనిషికి 36 లీటర్లకు మించి రావు. త్రాగడానికి, వంటకు, పశువులకు సరి. బట్టలకు ఇప్పటికీ గెడ్డకే దిగుతారు. ఈ మధ్య మా కుర్రవాళ్ళు సోలారు మోటారు పెడదామంటున్నారు. మంచిదే. పల్లము లేని చోట, ఎండ బాగా కాసే చోట అదే మేలు. మా దగ్గర జూను నుండి అక్టోబరు వరకు మబ్బు, చలికాలములో ప్రొద్దెక్కే వరకు మంచు. డబ్బు కూడితే రెండూ ఉండనివ్వండి అన్నాను. మీ ఊళ్ళో ఊట ఉంటే మాత్రము కొట్టుకు వెళ్ళక ముందు బకెట్టు, గడియారము, లెవెల్ ట్యూబు తీసుకొని క్రిందికి దిగండి. మే నెలలో కొలవండి. వానాకాలపు కొలతను నమ్మవద్దు.

ఆ చప్పుడు మాకిప్పుడు వినబడదు. ఆగితేనే వినబడుతుంది. మొన్న వర్షాలలో ఒక రాత్రి రెండు గంటల వేళ నా భార్య లేపి, "ఏమండీ, ఆగింది" అన్నది. టార్చి పట్టుకొని జారుతూ దిగాను. నాకంటె ముందే దిగువ ఊరి కుర్రవాడొకడు నడుము లోతు నీళ్ళలో నిలబడి వాల్వును నొక్కి వదులుతున్నాడు. వాళ్ళ ఇళ్ళకూ ఆ చప్పుడు వినబడుతుందట. "ఆకు అడ్డం పడిందండి. ఆ జాలీ మార్చాలి అయ్యగారూ, కన్నాలు పెద్దవైపోయాయి" అన్నాడు. మర్నాడు పాడేరు వెళ్ళి సన్న కన్నాల జాలీ తెచ్చాను. రశీదు అధ్యక్షురాలికి ఇచ్చాను.